మేరీ బిగించిన పట్టీ

ఆదివారం రాత్రి, బతు బస్తీ

మా అమ్మాయి మేరీ ఈరోజు తను పనిచేసే టూరిస్టు ఓడ చూపిస్తానని తీసుకెళ్లింది. మా అబ్బాయి ప్రకాశం ఒకప్పుడు చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. అన్నను మింగిన సముద్రం మీద చెల్లికి ఉద్యోగమేమిటని, మానిపించాలనే వెళ్లాను.

ఓడ దగ్గరికి చిన్న బోటులో వెళ్లాలి. ఎక్కకముందే మేరీ నాకు లైఫ్ జాకెట్ తొడిగి, పట్టీలు గట్టిగా లాగింది.

"ఊపిరాడట్లేదే! కాస్త ఒదులు చెయ్యి."

"ఊపిరాడకుండానే ఇంత గట్టిగా అరుస్తన్నావా అమ్మా?"

బోటు నడిపే భయ్యా నవ్వాడు. "ఆంటీ, మేరీ దీదీ కెప్టెన్ సాబ్‌నీ ఒదల్దు. జాకెట్ లేకపోతే బోటు నహీ!"

ప్రకాశానికి ఇలా కట్టేవాళ్లు లేకపోయారు...

మానెయ్యమనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ప్రభువా, గుండె తేలికపడింది. పట్టీ ఒరుసుకున్న చోట ఇంకా మండుతోంది. కొబ్బరినూనె రాసి ఆ మంట పోగొట్టుకోబుద్ధి కావడం లేదు.