శుభం కార్డు

చర్ల,
24 మే 1987.

బావ సమ్మయ్యకు బామ్మర్ది జంపయ్య నమస్కరించి రాసే సంగతులు.

ఇక్కడ నేనూ, మీ చెల్లెలూ, పిల్లలూ కులాసా. అక్క మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఎండలకు అడవి అడవంతా మాడిపోతోంది. గూడెం వాళ్లు బీడీలకు కోసి తెచ్చే తునికాకు ఎండబెట్టే కల్లానికి ఈ ఏడూ ఆకు చూసి లెక్క రాసుకునే కల్లేదారును నేనే. ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు.

రేపో ఎల్లుండో మా బడి సారు రాసిన కార్డు ఒకటి నీకు అందుతుంది. దానికి నువ్వు జవాబు రాయకముందే నా మాట నీ చెవిన పడాలని ఇది రాస్తున్నాను.

నువ్వు ఖమ్మంలో సినిమా హాలు గేటు దగ్గర పనికి చేరిన ఏటి నుంచి కల్లంలో సినిమా కథ చెప్పేది నేనే. పదకొండేళ్లయింది. భద్రాచలం పోయి కొత్త సినిమా చూసి రావడం, సాయంత్రం ఆకు అప్పజెప్పి అందరూ కూర్చున్నాక మన కోయలో చెప్పడం. చెప్పేవాడికి మొదటి డొప్ప కల్లు. ఆ ఆచారం నువ్వు పెట్టిందే. ఈ ఏడు ఆ డొప్ప భద్రయ్యకు పోతోంది.

భద్రయ్య నీకు తెలియడు. దమ్మపేట నుంచి మా ఊరి సర్కారు హాస్టలుకు వంటమనిషిగా వచ్చాడు. మెడలో కర్చీఫు, పక్క పాపిడి. వాడు వండే పప్పు పిల్లలే తినలేరు. వాళ్లక్క ఇల్లు భద్రాచలంలోనే ఉంది కాబట్టి శనివారం పోయి సినిమా చూసి, అక్కడే పడుకుని ఆదివారం తీరిగ్గా వస్తాడు. ఎంత సుఖమో చూడు.

ఈ వేసవికి మూడు సినిమాలు వచ్చాయి. రోజూ చూసేవాడివి, నా అభిప్రాయంలో తప్పుంటే చెప్పు. మొదటిది రైతు సినిమా. హీరో నాగలైతే పట్టాడు గానీ, ఎడ్లు వాడిని లెక్కే చేయలేదు. చేనంతా దున్నినా తెల్లబూట్లకు మట్టంటలేదు. ఫైటింగులు పర్వాలేదు. భద్రయ్య ఆ ఫైటింగు చెబుతూ చెబుతూ నీళ్ల కుండను తన్ని పగలగొట్టాడు. జనం పడీ పడీ నవ్వారు. అదే కుండ నేను పగలగొట్టి ఉంటే తిట్టేవాళ్లు.

రెండోది గూడెం పిల్ల సినిమా. ఆ పిల్ల నెత్తి మీద ఈకలు, నడుముకు తునికాకులు. ఏ గూడెంలో అట్లా కడతారో తీసినవాళ్లకే తెలియాలి. ఆ ఆకు గంటసేపు ఎండలో ఉంటే పెళపెళా విరుగుతుంది, ఆమె మూడు పాటలకు గంతులేసినా చెక్కుచెదరలేదు. నేను ఈ సంగతే వివరంగా చెబుతుంటే ముత్తక్క ఆవలించింది. కల్లు పోసేది ఆమే. మర్నాడు భద్రయ్య నడుముకు తువ్వాలు చుట్టుకుని ఆ గంతులన్నీ వేస్తే, ఆమె కళ్లెంట నీళ్లు వచ్చేదాకా నవ్వి, డొప్ప వాడి చేతిలో పెట్టింది. పదకొండేళ్లలో నా కథకు ఆమె పళ్లు కనబడలేదు.

గొడవ మూడోదాని దగ్గర వచ్చింది. అది తల్లి సినిమా. జాతరలో కొడుకు తప్పిపోతాడు. తల్లి ఊరూరా వెతికి, చివరకు ఆఫీసరైన ఆ కొడుకు ఇంట్లోనే వంటపనికి చేరుతుంది. ఇరవయ్యేళ్లు తిరిగినా ఆమెకు ముడత రాలేదు, నెత్తిన పౌడరు చల్లి ముసలితనం అన్నారు. అయినా ఏడిపిస్తుంది. చివర కొడుకు ఆమె చేతి మీది పచ్చబొట్టు గుర్తుపట్టి కాళ్ల మీద పడతాడని నేను చెప్పాను. అందరూ కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు భద్రయ్య లేచి, గట్ల లేదు, కొడుకని తెల్సి కూడ ఆమె చెప్పకుండనే ఎల్లిపోతది అన్నాడు. తాను శుభం కార్డు పడేదాక కూసున్నడట, నువ్వు కూసున్నవా అని నన్నడిగాడు. ముత్యాలమ్మ మీద ఒట్టేసి, అవ్, కూసున్న అన్నాను.

ముత్తక్క ఇద్దరినీ ఎగాదిగా చూసింది. మీ ఇద్దరిల ఎవరో ఒకరు ఉత్తగనే చెప్తున్నరు, సమ్మయ్యకు కార్డు రాయుండ్రి, ఆయనకు అబద్ధమాడే పనేముంది అన్నది. సారు వెంటనే రాశాడు. నీ జవాబు కల్లంలో అందరి ముందూ చదువుతారు. ఎవరిది తప్పని తేలితే వాడు ఇక కథ చెప్పకూడదు.

కుళ్లు అనుకుంటావేమో. అవును, కుళ్లే. వాడికి సర్కారు ఉద్యోగముంది, భద్రాచలంలో అక్క ఉంది, జుట్టుంది. నాకున్నది ఆ ఒక్క సాయంత్రం. పగలు ఆకు బాగాలేదని తీసేస్తే నన్ను తిట్టుకునేవాళ్లే, పొద్దుగూకాక నా ముందు కూర్చుని, తర్వాత ఏమైంది జంపయ్యా అని అడుగుతారు. ఆ మాట ఇంకొకడిని అడుగుతుంటే నా వల్ల కావడం లేదు. పచ్చబొట్టు అని ఒక్క ముక్క రాయి బావా. అక్కకు నా దండాలు చెప్పు.

ఇట్లు,
నీ బామ్మర్ది
జంపయ్య

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. నీకు అబద్ధం చెప్పి, నీతో అబద్ధం ఆడించడం నాకు చేతకాలేదు. భద్రాచలంలో మ్యాట్నీ రెండున్నరకు మొదలవుతుంది. చర్లకు ఆఖరి బస్సు ఐదింటికి. మా ఊరి నుంచి ఎవరు పోయినా ఆ బస్సుకే లేచి రావాలి. పదకొండేళ్లలో నేను ఏ సినిమా చివరా చూడలేదు. దుమ్ముగూడెం దాటేలోగా బస్సులోనే ఓ ముగింపు అల్లుకునేవాణ్ని. మీ చెల్లెకు కూడా ఈ సంగతి తెలియదు.

నిన్న కవరు అంటించాక, ముత్తక్క అడిగితే భద్రయ్య ఆ తల్లి కథ మళ్లీ చెప్పాడు. నేను ఆకు బస్తాల వెనక కూర్చుని విన్నాను. కొడుకు అన్నం తిని చేయి కడుక్కునేదాకా ఆగి, తుడుచుకోవడానికి తువ్వాలు అందించి, పోయొస్త బాబుగారూ అని ఆమె వెళ్లిపోతుందట. దారి పొడవునా ఎంత అల్లినా అది నాకు తట్టేది కాదు. బస్తాకు మొహం పెట్టుకుని ఏడ్చాను. సారుకు నిజమే రాయి. డొప్ప వాడికే పోనీ.

గేటు దాటేటప్పుడు ఆ తల్లి వెనక్కి తిరిగి చూసిందా లేదా? వాడిని అడగడానికి నాకు నోరు రావడం లేదు. అదొక్కటి నాకు విడిగా రాయి.