ఆఖరి మాట ఇంగ్లీషులో

ఫిబ్రవరి 9, సోమవారం

భీమవరంలో రొయ్య సీడ్‌ని, అంటే చెరువుల్లో వేసే పిల్లల్ని, టెస్ట్ చేసే ఈ ల్యాబ్‌లో నాకిది ఆరో ఏడు. ఇవాళ్టి నుంచి రిపోర్టుల కింద నా సంతకం ఉండదట. కొత్త మేనేజర్ సురేంద్ర గారిదొక్కటే ఉంటుందట. ఎందుకని మెయిల్ పెట్టాను. జవాబు రెండే లైన్లు. రెండోది, టేక్ ఇట్ ఆర్ లీవ్ ఇట్.

అమ్మకి చదివి వినిపించాను. లీవ్ ఇస్తామంటున్నారా రూబీ, ఎన్ని రోజులు, అంది. నవ్వొచ్చింది. కాసేపే.

ఫిబ్రవరి 10

కారణం తెలిసింది. రైతు భద్రిరాజు గారు చెరువులో వేయబోయే సీడ్ నేనే టెస్ట్ చేశాను. వైట్ స్పాట్ వైరస్ పాజిటివ్. అనుమానం లేకుండా రెండుసార్లు చేశాను. సాయంత్రం ఆయనకిచ్చిన రిపోర్ట్‌లో నెగెటివ్ అని ఉంది. ఆ సీడ్ అమ్మిన హేచరీ మా ల్యాబ్‌కి పెద్ద కస్టమర్. ఆ సీడ్ చెరువులో పడితే నెల తిరక్కుండా రొయ్యంతా చచ్చి తేలుతుంది.

ఫోన్ చేసి ఆయనకి చెప్పేశాను. నీ మాట నమ్మాలా, కాగితం నమ్మాలా అమ్మా, అన్నారు. టెస్ట్ చేసింది నేనండి, అన్నాను.

ఫిబ్రవరి 11

పాలకొల్లు వెళ్లాను. టెన్త్‌లో ఇంగ్లీషు చెప్పిన మాణిక్యాంబ టీచర్‌కి మెయిల్ చూపించాను. కూరగాయలావిడ ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే లేదు అంటుందే, అదేనన్నారు. బేరం ముగిసిందని చెప్పడం. ఆఫీసు లెటర్‌లో అది మర్యాద కాదట, ఫైనల్ ఆఫర్ అంటే సరిపోయేదట.

ఇంకోటి చెప్పారు. "అవతలివాళ్లు లేచి వెళ్లిపోయినా తట్టుకోగలిగితేనే ఆ మాట అనాలి. లేకపోతే అది ఉత్త బెదిరింపు."

జీతం తీసుకునేవాళ్లు కూడా అనొచ్చా అని అడిగాను. ఎందుకు అనకూడదు, అన్నారు.

ఫిబ్రవరి 12, ఉదయం 10.20

అన్నాను. నిలబడే అన్నాను.

"నేను చేసిన టెస్ట్ కింద నా సంతకం ఉండాలండి. రిజల్ట్ మార్చకూడదు. టేక్ ఇట్ ఆర్ లీవ్ ఇట్ అండి."

సురేంద్ర గారు లాప్‌టాప్‌లోంచి తలెత్తలేదు. అయితే రేపటి నుంచి రానక్కర్లేదన్నారు.

10.45

బ్యాగ్ సర్దుకున్నాను.  

ఫిబ్రవరి 13

అమ్మ పులస చేప ముక్క ఉన్నట్టు మురిపెంగా పప్పుచారు వడ్డించింది.

ఫిబ్రవరి 16

భద్రిరాజు గారు ఇంకో ఇద్దరు రైతులతో ఇంటికొచ్చారు. ఆ సీడ్ వేరే ల్యాబ్‌లో చూపించారట. పాజిటివే. తిప్పి పంపేశారు. వాళ్ల రైతు సొసైటీ గదిలో ఈ టెస్టులు చేసే పీసీఆర్ మెషీన్ ఉందట. నడిపేవాళ్లు లేక రెండేళ్లుగా కవరు కూడా తీయలేదట. నువ్వు రావాలమ్మా, అన్నారు.

రిపోర్ట్ మీద నా సంతకమే ఉంటుందని చెప్పాను. రిజల్ట్ ఎలా వచ్చినా అలాగే రాస్తాను, మీకు నచ్చకపోయినా సరే. కుదరదంటే ఇప్పుడే చెప్పేయండి అన్నాను.

భద్రిరాజు గారు గది తాళం ఎవరి దగ్గరుందని పక్కాయన్ని అడిగారు.

ఫిబ్రవరి 27, సాయంత్రం 4.15

మొదటి శాంపిల్ భద్రిరాజు గారి కొత్త సీడే. పాజిటివ్. మళ్లీ చేయమన్నారు. చేశాను. మళ్లీ అదే. సంతకం పెట్టి చేతికిచ్చాను. చాలాసేపు చదివారు. ఎల్లుండి ఇంకో హేచరీ సీడ్ తెస్తానమ్మా, పొద్దున్నే ఉంటావుగా, అన్నారు.