పిన్ని లేని సోమవారం మీటింగు

పిన్నికి,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కనుక ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం అని రాస్తే అబద్ధమవుతుంది.

మా టీములో ఎనిమిది మందీ ఎవరింటి నుంచి వాళ్లు పనిచేస్తారని నీకు తెలుసు. సోమవారం మీటింగులో వాళ్ల చేత కెమెరాలు ఆన్ చేయించడానికి ఏడాదిగా క్విజ్‌లు పెట్టాను, బహుమతులిచ్చాను, చివరికి పాట కూడా పాడాను. ఒక్కరూ మొహం చూపించలేదు. నువ్వు మా ఇంట్లో ఉన్న ఆ సోమవారం మా డిజైనరు కెమెరా పొరపాటున ఆన్ అయింది. నువ్వు చీపురుతో నా వెనకే నిలబడి, "ఏమయ్యా, మంచం మీద ఆ బట్టల కుప్పేంటి? మడతపెట్టు, నేను చూస్తుంటా" అన్నావు. అతను లేచి మడతపెట్టాడు. నేను నిన్ను లోపలికి వెళ్లమన్నాను. కాస్త గట్టిగానే అన్నానేమో. సాయంత్రం బస్సుకే వెళ్లిపోయావు.

తర్వాతి సోమవారం ఎనిమిది కెమెరాలూ వెలిగాయి. ఎనిమిది గదులూ అద్దంలా ఉన్నాయి. వెంటనే ఫొటో తీసి, ఇది నా పద్ధతేనని మా పై మేనేజరుకి పంపేశాను. ఇంతలో "పిన్నిగారేరీ?" అన్నారందరూ. ఊరెళ్లిందన్నాను. "మీరేమన్నారు సార్?" అని డిజైనరు అడిగితే ఆ వారం పనుల జాబితా చదవడం మొదలుపెట్టాను. కెమెరాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

వచ్చే సోమవారం ఆ పద్ధతి చూడటానికి పై మేనేజరు వస్తున్నారు. అందుకే రమ్మంటున్నానని అనుకోకు. నిన్నటి మీటింగులో నేనే కెమెరా ఆపేసుకున్నాను. నా వెనక బట్టల కుప్ప నా తల దాటింది, పిన్నీ.

నీ అక్క కొడుకు