ఈనే ముందు ఆ మందు పోయొద్దు

లోకేశ్వరి అక్కకు,

ఫోను చేస్తే తీయడం లేదు కాబట్టి పాలబండి మునిశేఖర్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చింపేసే ముందు ఒక్కసారి చదువు. నీ ఆవు కూడా ఈనడానికి దగ్గరైందని, దానికి రోజూ కాల్షియం మందు పోస్తున్నావని అతనే చెప్పాడు. వెంటనే ఆపు.

మా ఎర్రావుకు బలం వస్తుందని నేనూ అలాగే పోశాను. నిన్న పొద్దున ఈనింది. మధ్యాహ్నానికి చెవులు చల్లబడి, మెడ పక్కకు వాల్చి కూలబడింది. దూడ అరుస్తున్నా తల తిప్పలేదు. పశువుల ఆస్పత్రి గ్రేసీ డాక్టరమ్మ వచ్చి నరానికి కాల్షియం సీసా ఎక్కిస్తుంటే, "అంత కాల్షియం పోస్తిని గదమ్మా, ఇట్లెందుకయ్యింది?" అని ఏడ్చాను.

"పోసినందుకే ఇట్లయ్యిందమ్మా," అన్నది ఆమె. "ఆవు మెడలో ఒక గ్రంథి ఉండాది. ఒంట్లో కాల్షియం తగ్గితే అది హార్మోను వదిలి, ఎముకల్లోది తీయమంటాది, మూత్రపిండాలను ఉచ్చలో పోనీయొద్దంటాది. ముందే నువ్వు దండిగా పోస్తే దానికి పనిలేక పండుకుంటాది. ఈనినాక కాల్షియమంతా పాలల్లోకి దిగేటప్పుడు ఆ గ్రంథి గబుక్కున లేయలేదు."

సాయంత్రానికి ఆవు లేచింది కానీ ఇంకా తూలుతోంది. నాకు కాలు నిలవడం లేదు. దాని దగ్గరికీ వీధి వాకిలికీ తిరుగుతూ నీ ఆవు గురించే ఆలోచిస్తున్నాను.

అమ్మ ఆవులు పంచుకున్నప్పుడు మనం అనుకున్న మాటలు అలాగే ఉండనీ. మా ఎర్రావు కుదుటపడగానే బస్సెక్కి వస్తాను. నాకు తలుపు తీయకపోయినా సరే, నీ ఆవు ఈనేదాకా కొట్టంలోనే కూర్చుంటాను.

నీ చెల్లెలు