దండ తీసిన ఫోటో

అమ్మా,

ఈరోజు మామా, అదే నేను పనిచేసే ఇంటి యజమానురాలు, టర్కీ సీరియల్ చూస్తూ నన్నూ పక్కన కూర్చోమంది. అందులో, చనిపోయిందనుకున్న తల్లి తిరిగొచ్చి తలుపు తట్టింది. ఏళ్ల తరబడి దూరమైన కూతురు పరుగున వెళ్ళి వాటేసుకుంది. మామా కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అంత సులువా?

నువ్వూ నాలాగే ఇక్కడే, ఈ అరబ్బు దేశంలోనే, జహ్రా ఊళ్ళో ఇంటిపని చేస్తున్నప్పుడు ఇరాక్ సైన్యం వచ్చిపడింది. నెలలు గడిచినా నీ కబురు లేదు. ఇక లేవనుకుని అవ్వ ఏడ్చి ఏడ్చి నీకు దినాలు చేయించింది, నీ ఫోటోకు దండ వేసింది.

ఆ తర్వాత ఒక పొద్దున నువ్వే ఊళ్ళో మన ఇంటి గుమ్మంలో నిలబడ్డావు. దెయ్యమని నేను కేకపెట్టి అవ్వ కొంగులో దూరాను. నువ్వు నా దగ్గరికి రాలేదు. గోడ దగ్గరికెళ్ళి, ఫోటో మీది దండ నువ్వే తీసేసి, అక్కడే చతికిలబడ్డావు.

"దెయ్యాలకు కాళ్ళు ఎనక్కి తిరిగుంటాయి పాపా. నావి సూడు, ముందుకే ఉండాయి గదా?" అన్నావు.

చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి లాగావు. ఇసుకలో నడిచి నడిచి నీ పాదాలు బొబ్బలెక్కి పగిలిపోయాయి. చాలాసేపు చూశాక మెల్లగా వచ్చి వాటిని ముట్టుకున్నాను.

నిన్నటికి నువ్వు పోయి ఏడాది. ఆఖరి చూపుకు నాకు సెలవు దొరకలేదు. తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ ఫోటోకు ఇప్పుడన్నా దండ ఎయ్యల్ల గదా?"

"వద్దురా," అన్నాను. "ఒకసారి తొందరపడినాం."