తలపైకెత్తే బరువు

1964 జూలై 6
నేను విసిరిన ఇనుప గుండు ఈ రోజూ పోయినేడాది గీత దగ్గరే పడింది. కాలేజీ ఆటల మాస్టారిది మళ్ళీ అదే మాట— “చివర్లో చెయ్యి తొయ్యడం లేదమ్మా. బరువు తలపైకెత్తడం నేర్చుకో. మీ నాయనే ఉన్నాడు కదా.”
నాయన ఉన్నాడు. అడగాలంటేనే...

జూలై 7
అడిగాను. రొట్టె విరుస్తున్నవాడు ఆగాడు. “వద్దు పాపా.” అంతే.

జూలై 9
నా చిన్నప్పుడు నాయన గరిడీలో కసరత్తు చేసి వస్తే ఒళ్ళంతా ఎర్రమట్టి వాసన. చేతులు రెండూ చాపితే చెరొక వైపు నేనూ అక్కా వేలాడేవాళ్ళం. కురుగోడు జాతరలో రాతిగుండు తలపైకెత్తి నిలబడ్డాడు ఒకసారి. జనం కేకలు. తిరుగు దారిలో బండిలో ఆయన ఒళ్ళోనే నిద్రపోయాను.
ఇప్పుడు ఆ కుడిచెయ్యి భుజం దాటి లేవదు. చొక్కా అమ్మే తొడుగుతుంది.

జూలై 12
ఈ రోజు తనే కదిపాడు. “బలం వస్తాది పాపా, కాదనను. కాళ్ళ కాణ్ణుంచి వేళ్ళ దాకా ఒంట్లో బలమంతా ఒకటైతాది. నొప్పి లేసినా నేను ఆపలేదు. జనం చూస్తాండారని.”
“నొప్పొస్తే ఆపేస్తా నాయనా.”
“నేనూ అట్లే అనుకుంటి.”
అమ్మ వంటింట్లోంచి— “ఆడపిల్లకు ఇదంతా యాల?”

జూలై 20
గరిడీలోకి ఆడవాళ్ళు పోకూడదు. అందుకని నాయన బరువులెత్తే కడ్డీనే పెరట్లోకి తెప్పించాడు. బిళ్ళలు లేని ఒట్టి కడ్డీ. నా నడుముకు ఎడమ అరచెయ్యి ఆనించి— “వంగద్దు... సాకు, ఇంక సాలు, దించు.” ఇంకా ఎత్తగలను. అయినా దించాల్సిందే.

ఆగస్టు 18
గుండు పాత గీత దాటింది! జానెడు పైనే. నాయనకు చెప్తే నవ్వాడు. జాతర నుంచి వస్తూ ఆ రోజు బండిలో నవ్విన నవ్వు.

ఆగస్టు 29
కడ్డీకి బిళ్ళలు పెంచాం. పైకి పోయాక భుజంలో ఏదో కలుక్కుమంది. వెంటనే చెప్పేశాను. నాయన వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టాడు.

సెప్టెంబరు 2
నొప్పి తగ్గింది. చెయ్యి పూర్తిగా ఎత్తితే మాత్రం ఒకచోట పట్టేస్తోంది. మాస్టారు ఆగమంటారు. ధార్వాడలో పోటీలు దగ్గరికొచ్చాయి. ఆగితే వచ్చిన బలం పోతుందేమో... ఆగకపోతే—
“ఏం చేసేది నాయనా?”
నా భుజం వంక చూశాడు.
“నన్నడగద్దు పాపా. నా చెయ్యి లేస్తే నేను ఇప్పుడు కూడా ఎత్తుతా.”