తలుపు దగ్గర నిలబెట్టిన గొంతు

షికాగో, గురువారం

లువీనియా వదినకు,

ఇక్కడ అందరం బాగున్నాం, నీ కూతురితో సహా. దాని పేరెత్తితే కార్డు చింపేస్తావని తెలుసు. చదివాక చింపుకో.

వెర్నెల్‌కి రికార్డింగులో వంత పాడే పని దొరికింది. దాని గొంతు తక్కిన పిల్లల్ని మింగేస్తోందని మైకుకు దూరంగా, తలుపు దగ్గర నిలబెట్టారు. నిన్న నేనూ తోడు వెళ్లాను. అసలు గాయని మిస్ ఎర్నెస్టీన్ నీకు గిట్టని ఆ బ్లూస్ పాట పాడుతూ, మొగుడు వదిలేసి పోయాడన్న చోట ఊపిరి తీసుకుంది. మన పిల్ల చర్చిలో ఉన్నాననుకుందో ఏమో, "చెప్పు తల్లీ, చెప్పు!" అని గట్టిగా బదులిచ్చేసింది. పాట ఆగిపోయింది.

"ఇదేమన్నా మీ ఊరి చర్చా? బయటికి నడు!" అని రికార్డింగు యజమాని అరిచాడు.

"నువ్వూరుకోవయ్యా," అంది మిస్ ఎర్నెస్టీన్. "ఇన్నేళ్లుగా నా గోడు పాడుతున్నా. విని బదులు పలికింది ఈ పిల్లొక్కతే. ఇలా రావే, నా పక్కన నిలబడు."

ఇద్దరూ ఒకే మైకు ముందు మళ్లీ పాడారు, ఆ బదులుతో సహా.

అన్నయ్య మోకాలు ఎలా ఉంది? వంటింటి కప్పు కారడం ఆగిందా? బెండకాయ ఊరగాయ ఒక సీసా పంపు, పిల్ల కలవరిస్తోంది.

దేవుడు మీ ఇద్దరినీ చల్లగా చూడాలి. రికార్డు వచ్చాక పంపుతాను. సైతాను పాటని తిట్టుకో, కానీ ఆ ఒక్క చోట చెవిపెట్టు. చర్చిలో అన్నయ్య ప్రార్థన చేస్తుంటే ముందు బల్ల మీంచి నువ్వు బదులు పలికే మాటే అది. గొంతు కూడా నీదే.

నీ ఆడపడుచు,
ఒడెస్సా